చి. బంటికి చొక్కా గుడ్డ

ఏప్రిల్ 3, బుధవారం

శుభలేఖ డ్రాఫ్ట్ వాట్సాప్‌లో వచ్చింది. ఆడపెళ్ళివారు పంపారు. మూడుసార్లు చదివాను. తప్పులు పట్టడానికే చదివాను, అబద్ధమెందుకు. మా ఇంటిపేరులో ఒక అక్షరం పోయింది. దిద్దమని పెట్టాను.

ఈ సంబంధం ఇక్కడిదాకా రావడానికి రెండేళ్ళు పట్టింది. వాళ్ళు పొలాల వాళ్ళు, మేం మగ్గాల వాళ్ళం. ఇటు మా ఆయన పెదనాన్న కొడుకు, మా బావగారు అలిగారు, అటు వాళ్ళ బాబాయి అలిగాడు. మా అబ్బాయి ఉమామహేశ్ చేసుకుంటే మాధురినే చేసుకుంటానని భీష్మించాడు. చివరికి అందరూ దిగొచ్చారు. 26న ముహూర్తం. అది దాటితే మూఢం, మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. అప్పటిదాకా ఆగితే అలిగిన వాళ్ళు మళ్ళీ అలుగుతారు. అందుకే నా కంగారు.

కార్డు కింద ఆహ్వానించువారు అన్నచోట వాళ్ళ వైపు పేర్లు: రామకోటేశ్వరరావు, ఉషశ్రీ, చి. బంటి.

ఈ బంటి ఎవరు? మాధురి ఒక్కతే కూతురన్నారుగా! ఉమాని అడిగాను. వాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, వాళ్ళింట్లో వాడేనమ్మా, నేను మ్యూట్‌లో లేను, తర్వాత తర్వాత అని చెయ్యి ఊపాడు.

పెంచుకుంటున్న పిల్లాడేమో. కార్డులో పేరు వేశారంటే బట్టలు పెట్టాల్సిందే. మగ్గం ఇంటివాళ్ళు గుడ్డ దగ్గర పీనాసితనం చేశారంటే ఇంకేమైనా ఉందా. మా మగ్గం మీద నేసిన లేత నీలం తానులోంచి చొక్కా గుడ్డ చించాను. వయసు తెలియదు కాబట్టి రెండున్నర మీటర్లు. పెద్దవాడైతే సరిపోతుంది, చిన్నవాడైతే రెండు చొక్కాలు అవుతాయి.

ఏప్రిల్ 5, శుక్రవారం

పరువు పోయింది. పోలేదు. పోబోయి ఆగింది.

గుణదలలో వాళ్ళింటికి వెళ్ళాం. ఇంతకుముందు మాటలన్నీ హోటల్లోనే జరిగాయి, ఇంట్లో అడుగు పెట్టడం ఇదే మొదలు. మేరీమాత కొండకెళ్ళే రోడ్డు దాటి రెండో వీధి. కాఫీలు అయ్యాక ఒక్కొక్కరికీ బట్టలు పెట్టాను. బంటి బాబు ఏడండీ, స్కూలుకి వెళ్ళాడా అని అడిగాను.

గదిలో అందరూ సోఫా వైపు చూశారు.

సోఫా మీద ఒక కుక్క పడుకుని ఉంది. గోధుమ రంగు, మూతి తెల్లబడింది. పదమూడేళ్ళట. వెనక కాళ్ళు పట్టు తప్పాయి. మాధురి దాని చెవిలో, బంటీ, అత్తమ్మ వచ్చారు చూడరా అంది. అది ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకుంది.

సంచిలో నీలం గుడ్డ మీద చెయ్యి వేసినదాన్ని అలాగే ఉండిపోయాను. ఉమాకి నవ్వు ఆగలేదు, వాడి సంగతి తర్వాత చూస్తాను. గుడ్డని చీరల కిందికి తోసేశాను. ఎవరూ చూడలేదనుకుంటా.

వదినగారు ఉషశ్రీ కాలేజీ లెక్చరర్, మాట ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. వీడు మా రెండోవాడండీ అంది, అంతే గట్టిగా. అన్నయ్యగారు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యారు, మాట తక్కువ మనిషి. ఆయన గిన్నెలో పెరుగన్నం కలిపి స్పూనుతో దానికి తినిపించారు. మధ్యలో మూతి తుడిచారు. ఉమా పుట్టాక వాడికి వాళ్ళ నాన్న ఒక్కసారైనా మూతి తుడిచాడా అని ఆలోచించాను. గుర్తు రాలేదు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. రెండూ ఒకేసారి ఎందుకు వచ్చాయో తెలియదు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను, పడీ పడీ నవ్వుతుందని. నవ్వలేదు. ఎన్నేళ్ళంటనే అని అడిగింది. పదమూడన్నాను. ఊఁ అని వక్క కత్తిరించుకుంటూ కూర్చుంది.

ఏప్రిల్ 9, మంగళవారం. ఉగాది

పచ్చడి బాగా కుదిరింది. మామిడి పులుపు ఎక్కువైందని మా ఆయన వంక పెట్టారు. ఏటా పెడతారు.

అత్తయ్య గురించి రాయాలి. రావమ్మ గారికి ఎనభై దాటాయి. కుక్క గడప దాటితే ఇల్లు కడగాలనే మనిషి. కానీ తొమ్మిదేళ్ళుగా దొడ్డి గుమ్మం దగ్గర ఒక వీధికుక్కకి మొదటి ముద్ద పెట్టందే తను తినదు. నల్లది, ఒక చెవి చిరిగింది, ముందు కాలు కుంటి. అది రాకపోతే కంచం ముందు కూర్చుని ఎదురుచూస్తుంది. పండగైనా, జ్వరమైనా అంతే. ముద్ద పెట్టేటప్పుడు వంగి ఏదో గొణుగుతుంది. తిడుతుందనుకుంటాను. అది మాత్రం తిన్నాకే వెళ్తుంది.

ఇవాళ బొబ్బట్టు తుంచి పెట్టింది. నేను వేళాకోళానికి, మీ బంటికి కూడా పేరు పెట్టి కార్డులో వేయిద్దామా అత్తయ్యా అన్నాను. కుక్కకి పేరేందే, వేషాలు కాకపోతే అని కసిరింది.

ఏప్రిల్ 12, శుక్రవారం

బంటిని మండపంలో కూర్చోపెట్టచ్చా అని మాధురి అడిగిందట. కూర్చోపెట్టి తలంబ్రాలు కూడా పోయించండి అని మా ఆయన అన్నారు. ఉమా తలుపు గట్టిగా వేసుకున్నాడు.

ఏప్రిల్ 18, గురువారం. ఉదయం 10

వదినగారు ఫోన్ చేసింది. బంటి పోయిందట. తెల్లారి లేచేసరికి అయిపోయిందట. మాట పూర్తిగా రాలేదు, ఏడుస్తోంది.

నాకు జాలేసింది. నిజంగానే వేసింది. ఏడవకండి వదినగారూ, పెద్దదైపోయిందిగా, ఇంకోటి తెచ్చుకోండి అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నా నోరు ఆగదు. కావాలంటే పెళ్ళికి మేమే ఒక పిల్లని కొనిస్తాం, మాధురికి కొత్త కాపురంలో తోడుగా ఉంటుంది అన్నాను.

అవతల చప్పుడు లేదు. లైన్ పోయిందనుకుని హలో హలో అన్నాను. పోలేదు. ఆవిడ పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం 5

ఉమా వచ్చి ఏమన్నావమ్మా అని అడిగాడు. అన్నదంతా చెప్పాను. వాడు నెత్తి పట్టుకున్నాడు. తమ్ముడు పోయిన ఇంటికి ఫోన్ చేసి ఇంకో తమ్ముణ్ణి కొనిస్తానంటావా అన్నాడు.

తమ్ముడా! వీడికీ పట్టిందన్నమాట.

ఏప్రిల్ 19, శుక్రవారం

అన్నయ్యగారు మా ఆయనకి ఫోన్ చేశారు. రెండే నిమిషాలు. ఇంట్లో మనిషి పోయి తొమ్మిదో రోజున బాజాలు పెట్టించలేనండి, పెళ్ళి శ్రావణానికి మార్చుకుందాం అన్నారట. క్షమించమని కూడా అన్నారట. బతిమాలే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. అదే భయంగా ఉంది.

మా ఆయన షాపు కట్టేసి ఇంటికొచ్చారు. కుక్క చచ్చిపోతే పెళ్ళి ఆపడమేంటే జ్యోతీ, బయట ఎవరికైనా చెప్పుకోగలమా అన్నారు. బావగారికి ఎలా తెలిసిందో తెలిసింది. అప్పుడే చెప్పానా, ఆ ఇంటి పద్ధతులు వేరని, ఇప్పటికైనా వదిలించుకోండి అని ఫోన్లో పాఠం చదివారు.

ఆయన గొంతులో సంతోషం వినపడింది. నేను పొరపాటు పడలేదు.

ఏప్రిల్ 20, శనివారం

ఉమా అన్నం తినలేదు. మాధురి వాడి మెసేజ్‌లు చూడటం లేదట. వాడు నాతో మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

పంతులుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. కుక్కకి మైల ఏ శాస్త్రంలోనూ లేదమ్మా అన్నారు. ప్రాణం లేచొచ్చింది. అయితే పెళ్ళి చేయచ్చుగా అన్నాను. చేయచ్చు, కానీ పిల్లనిచ్చేవాళ్ళు మైలలో ఉన్నామని మనసులో అనుకుంటే ఆ కన్యాదానం నేనెలా చేయించనమ్మా అన్నారు. వచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది.

ఈయన అటూ చెప్పరు, ఇటూ చెప్పరు. దక్షిణ మాత్రం తీసుకున్నారు.

బస్సులో కూర్చుని ఆలోచించాను. మా పుట్టింట్లో గేదె ఉండేది. పేరు గౌరి. దాని పాలు తాగే నేనూ మా అన్నయ్యా పెరిగాం. దానికి బొట్టు పెట్టేవాళ్ళం, ఒంట్లో బాగోకపోతే మా అమ్మ పక్కన మంచం వేసుకుని పడుకునేది. వట్టిపోయాక నాన్న అమ్మేశాడు. కొన్నవాడు ఎందుకు కొన్నాడో మా అందరికీ తెలుసు. నాన్న ఆ రోజంతా ఏడ్చాడు, కానీ అమ్మాడు. సాయంత్రం అందరం అన్నం తిన్నాం.

గౌరికి పేరుంది, అమ్మాం. అత్తయ్య కుక్కకి పేరు లేదు, తొమ్మిదేళ్ళుగా అది తింటేనే ఆవిడ తింటుంది. బంటికి పేరూ ఉంది, సోఫా ఉంది, కార్డులో చోటు ఉంది. వీటిలో ఇంటి మనిషి ఎవరు? నేను తప్పు మాట అన్నానని అందరూ అంటున్నారు. ఏది తప్పో ఒక్కరూ చెప్పడం లేదు. క్షమాపణ చెప్పమంటే చెబుతాను, దేనికి చెప్పాలో తెలియాలిగా.

ఏప్రిల్ 22, సోమవారం. మధ్యాహ్నం

ఇప్పుడే ఇంటికొచ్చాం. ఇప్పుడే రాయాలి, రేపటికి నేనే నమ్మను.

పొద్దున పరామర్శకి బయల్దేరాను, ఉమా కారు తీశాడు. చూస్తే అత్తయ్య తెల్లచీర కట్టుకుని, చేతిలో సంచితో గుమ్మంలో నిలబడి ఉంది. నేనూ వస్తానంది. ఆవిడ గడప దాటి ఆరు నెలలైంది. మీరెందుకత్తయ్యా, అక్కడ ఇంకేమైనా అంటే అన్నాను. నువ్వు అన్నదానికన్నా ఏమంటాలే అంది. ఉమా నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

వాళ్ళిల్లు నిజంగానే చావు ఇల్లులా ఉంది. సోఫా మీద ఎవరూ కూర్చోవడం లేదు. మాధురి జుట్టు ముడి కూడా వేసుకోలేదు. వదినగారు మంచినీళ్ళు ఇచ్చింది, నా మొహం చూడలేదు. కారులో నేర్చుకున్న క్షమాపణ ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

అత్తయ్య మాత్రం అన్నయ్యగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. చివరికేం తిన్నాడు నాయనా అని అడిగింది.

చావు ఇంట్లో మా పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. ఆవిడ దాన్ని అలాగే అడిగింది, మామూలుగా.

అంతే. ఆ మాట తక్కువ మనిషి మొదలుపెట్టారు. ముందురోజు పెరుగన్నం రెండు స్పూన్లు తిన్నాడట. మూడోది వద్దని మొహం తిప్పాడట. అసలు వాడిని ఇంట్లోకి తెచ్చినప్పుడు తనే వద్దన్నారట, మాధురి మారాం చేసి తెచ్చిందట. తర్వాత పిల్ల హాస్టల్‌కి వెళ్ళిపోతే, రిటైరై ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో పొద్దున్నే లేవడానికి వాడొక్కడే కారణమట. చెబుతూ చెబుతూ పెద్దగా ఏడ్చేశారు. వదినగారు కూడా ఆయన్ని అలా చూడలేదనుకుంటా, తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

అత్తయ్య ఆపలేదు. ఊఁ ఊఁ అంటూ విన్నది. కాల్చారా, పూడ్చారా అని అడిగింది. చల్లపల్లి దగ్గర మా పొలంలో పూడ్చామండీ, గట్టు మీద అన్నారు ఆయన. అత్తయ్య తల ఊపి, అంతే నాయనా, పసివాళ్ళని పూడ్చాలి అంది.

తర్వాత ఆవిడ అన్నమాట అన్నది అన్నట్టు రాస్తున్నాను. మైల పది రోజులు పెద్దవాళ్ళకి నాయనా. మాటలు రాని పిల్లలకి మూడు రోజులే. వాడికి మాటలు రావుగా. మూడు రోజులూ మొన్న శనివారంతో అయిపోయినై. అమ్మాయికి తలంటి పోయండి. శుక్రవారం పెళ్ళి.

ఇది ఏ ఊరి లెక్కో నాకు తెలియదు. పంతులుగారు కూడా చెప్పలేదు. మీకెట్లా తెలుసు మామ్మగారూ అని మాధురి అడిగింది, మొండిగానే అడిగింది.

మా ఇంట్లో అట్లాగే చేశాం అంది అత్తయ్య. మీ మావగారి కన్నా ముందు నాకొక పిల్లాడు పుట్టాడు. పద్దెనిమిది రోజులున్నాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నాం. మగ్గం మూడు రోజులు ఆపాం. నాలుగో రోజు మీ తాతయ్యగారు మగ్గం గుంటలోకి దిగి మళ్ళీ నేత మొదలెట్టారు. ఏడవద్దన్నారు, పేరు కూడా పెట్టని పిల్లాడి కోసం ఏడుపేందన్నారు.

నేను ఈ ఇంటికొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. మీకు ఎంతమంది పిల్లలు అని ఎవరడిగినా ఒక్కడే అని చెబుతుంది. నేనే వందసార్లు విని ఉంటాను.

అత్తయ్య సంచిలోంచి ఒక గుడ్డ తీసి అన్నయ్యగారి ఒళ్ళో పెట్టింది. లేత నీలం, రెండున్నర మీటర్లు. నేను బీరువా అడుగున దాచాననుకున్నాను! ఇది మా జ్యోతి మీవాడి కోసం చించింది నాయనా, పిల్లాడనుకుంది, మూడు రోజులయ్యాక వియ్యాలవారు బట్టలు పెట్టాలి, మీరు కుట్టించుకోండి అంది.

వదినగారు నా వైపు తిరిగింది. బంటికా, నిజంగానా అంది. నిజమేనండీ, వయసు తెలియక కొంచెం ఎక్కువే చించాను అన్నాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నాకూ ఏడుపొచ్చింది. నేను ఎవరి కోసం ఏడ్చానో ఇప్పటికీ తెలియదు. బంటి కోసమా, ఆ పిల్లాడి కోసమా, అమ్మేసిన గౌరి కోసమా. అన్నీ కలిసిపోయాయి.

ఏప్రిల్ 23, మంగళవారం

పొద్దున మాధురి తలంటుకుని ఫొటో పెట్టింది. పెళ్ళి శుక్రవారమే.

మా ఆయనకి వాళ్ళ అన్న సంగతి చెప్పాను. నాకన్నా ముందు ఒకడున్నాడా అని చాలాసేపు మగ్గం దగ్గర కూర్చున్నారు. ఆయనకీ తెలియదు. యాభై మూడేళ్ళ మనిషి.

అత్తయ్యని వంటింట్లో పట్టుకుని, ఏం పేరు పెడదామనుకున్నారు అని అడిగాను. పెట్టని పేరు నీకెందుకే, చారులో ఉప్పు చూడు అంది.

మాటలు రాని పిల్లలకి మూడు రోజులన్నది నిజంగా ఉందా, అక్కడికక్కడ కల్పించిందా అని కూడా అడగాలనుకున్నాను. అడగలేదు. ఉప్పు చూశాను.

ఏప్రిల్ 24, బుధవారం

కార్డులో చి. బంటి పేరు తీయాలా, ఉంచాలా? పోయినవాళ్ళ ముందు చి. పెట్టకూడదు. కార్డులు పంచేసి పది రోజులైంది. ఈ సందేహం నాకు ఇప్పుడెందుకు వచ్చిందో.

ఏప్రిల్ 26, శుక్రవారం. సాయంత్రం 4

పెళ్ళి అయింది. విజయవాడలో హాలు, ఏసీ పనిచేయలేదు, పంతులుగారు చెమటలో మునిగారు. బావగారు వచ్చారు, మూడు స్వీట్లు తిన్నారు, బాగా జరిగిందన్నారు.

కన్యాదానం అప్పుడు అన్నయ్యగారు ధోవతి మీద వేసుకున్నది ఆ లేత నీలం చొక్కా. పట్టు కండువా కింద కొంచెమే కనిపించింది. వీడియో అబ్బాయి జీవరత్నం, సార్ పట్టు చొక్కా వేసుకుంటే బాగుండేదండి అని నాతో అన్నాడు. వాడికేం చెప్పను.

మాధురి అప్పగింతలప్పుడు వాళ్ళమ్మని పట్టుకుని ఏడవలేదు. నాన్న చొక్కాని పట్టుకుని ఏడ్చింది.

ఏప్రిల్ 27, శనివారం

మంగళగిరి వచ్చాం. మూడు రోజులుగా అందరం విజయవాడలోనే, ఇల్లు తాళం. తలుపు తీసి దీపం పెట్టి కొత్త కోడల్ని లోపలికి తెచ్చాం. ఆ హడావుడిలో మధ్యాహ్నం దాకా ఎవరికీ గుర్తు లేదు.

అత్తయ్య దొడ్డి గుమ్మం దగ్గర ముద్ద పట్టుకుని నిలబడి ఉంది. కుక్క రాలేదు.

మూడు రోజులు ఎవరు పెట్టి ఉంటారు దానికి? నేను అంతమందికి విస్తళ్ళు వేయించాను. ఒక్కదాన్ని మర్చిపోయాను. ఎందుకు ఇంత గుచ్చుకుంటోందో తెలియదు. కుక్కేగా!

సాయంత్రం దాకా అత్తయ్య కంచం ముట్టలేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

ఇవాళా రాలేదు. మాధురి చెప్పులేసుకుని, వీధుల్లో వెతుకుతాను, ఏమని పిలవాలి అని అడిగింది. మా ఆయన నన్ను చూశారు, నేను ఉమాని చూశాను. దానికి పేరు లేదమ్మా అన్నాను.

అత్తయ్య లేచి, గోడ పట్టుకుంటూ వీధిలోకి వెళ్ళింది. ఆవిడ ఏం గొణిగేదో తొమ్మిదేళ్ళకి మొదటిసారి గట్టిగా వినపడింది.

పానకాలూ అని పిలిచింది, పిల్లాణ్ణి పిలిచినట్టు.

ఎదురింటి పానకాలరావు గారు, ఏంటి పిన్నీ అంటూ బయటికొచ్చారు. అత్తయ్య ఆయన్ని చూడలేదు. మళ్ళీ పిలిచింది.

మూడో పిలుపుకి సందు చివర నుంచి కుంటుకుంటూ వచ్చింది.